బేకరీ ఇంటి కుందేళ్ళు

బేకరీ వాళ్ళింట్లో కుందేళ్ళు చచ్చిపోయింది కోడలి వల్ల కాదు, నా వల్ల. చెప్పాల్సింది ఈ ఒక్క మాటే. దీన్ని ఆ ఇంటి పెరట్లో నిలబడి చెప్పడానికి నాకు పదేళ్ళు దాటింది. ఆ పదేళ్ళలో లెక్కలేనన్ని బర్రెలకు సూదులు వేశాను, ఊరూరా కోళ్ళకు టీకాలు వేశాను, యూనియన్ మీటింగుల్లో మైకు పట్టుకుని గంటలు గంటలు మాట్లాడాను. మాటలు రాక చెప్పలేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

పశువుల దవాఖానల్లో కొత్తగా కొలువుకు చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. నాకు కొలువు ఇంకా మిగిలి ఉండగానే ఒక ఎద్దు మోకాలి మీద తన్నింది. ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చున్నాను. ఎద్దు తప్పేమీ లేదు. నిలబడకూడని చోట నేను నిలబడ్డాను.

అది ఎనభైల చివరి మాట. కేతేపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక ఊళ్ళో దవాఖాన. పేరు చెప్పను, ఆ ఊరి తప్పు ఇందులో ఏమీ లేదు. డాక్టరు గారు ఒకరు, కంపౌండరుగా నేను, అటెండరు ఒకాయన. డాక్టరు గారిది గుంటూరు వైపు. అటెండరుది అదే ఊరు, నాకన్నా చాలా పెద్దవాడు, అయినా నన్ను సార్ అనేవాడు. ఆ ఏడాది పాలమూరు వైపు గొర్రెలకు రోగం తగిలితే డాక్టరు గారిని కొన్నాళ్ళు అక్కడికి పంపారు. వెళ్తూ వెళ్తూ ఆయన నాతో అన్నది ఒకటే: "తెలియనిది వస్తే నల్లగొండ పంపించు. తెలిసినట్టు చెయ్యకు."

ఆయన వెళ్ళిన తర్వాత జనం నన్ను డాక్టర్ సాబ్ అనడం మొదలుపెట్టారు. మొదటి రెండు రోజులు సరిదిద్దాను. తర్వాత వాళ్ళకు శ్రమ ఎందుకని మానేశాను.

అలాంటప్పుడు ఒక పొద్దున బేకరీ వాళ్ళింటి అత్తా కోడళ్ళు బ్రెడ్డు మోసే తట్ట ఒకటి పట్టుకుని వచ్చారు. బస్టాండు దగ్గర వాళ్ళ బేకరీ తెలియనివాళ్ళు లేరు. కోడలికి పెళ్ళయి ఏడాది కాలేదు. పుట్టిల్లు నందికొండ, తండ్రి డ్యామ్ దగ్గర పనిచేసేవాడు. ఆ క్వార్టర్లలో పెంచుకున్న ఐదు సీమ కుందేళ్ళను ఆమె అత్తగారింటికి వెంట తెచ్చుకుంది. అత్తగారు ఈ సంగతి ఊరందరికీ నవ్వుతూ చెప్పేది. "మా కోడలు చుట్టాలను గూడ ఎంట తెచ్చుకున్నది" అని.

తట్ట మీది గుడ్డ తీస్తే లోపల బూడిద రంగు కుందేలు ముడుచుకుని కూర్చుంది. గదుమ కింద వెంట్రుకలు తడిసి ఉన్నాయి.

"రెండు దినాలాయె, ఏం తింటలేదు భయ్యా" అంది కోడలు. "మిగిలినయి మంచిగనే ఉన్నయి. ఇదే, మేతకాడికొస్తది, మూతి పెడ్తది, ఎనకకు పోతది."

అటెండరు కుందేలును ఎత్తి పట్టుకుని, బర్రెలను నిలబెట్టి కట్టే ఇనుప చట్రం వైపోసారి చూశాడు. "ఇందుల కడ్దామా సార్? మన బర్రె చెవంత గూడ లేదు."

నేను నవ్వలేదు. డాక్టర్ సాబ్ నవ్వకూడదనుకున్నాను. బర్రెకు చేసినట్టే అన్నీ చేశాను. జ్వరం చూశాను, పొట్ట నొక్కాను, పేడ ఎట్లుందని అడిగాను. కుందేలు వేసేదాన్ని పేడ అంటారా అని అత్తగారికి సందేహం వచ్చింది. ఏదో ఒకటి, ఎట్లుందో చెప్పమన్నాను.

నేను చూడనిది ఒక్క నోరే.

మాకు ఒక అలవాటుంది. గొంతువాపో, జబ్బవాపో వచ్చి మందలో ఒక గొడ్డు పడిపోతే దాన్ని వేరు చేస్తాం, మిగిలిన గొడ్లన్నిటికీ సూది వేస్తాం. ఈ అలవాటు ఎన్నో గొడ్లను బతికించింది, నేను దాన్ని తక్కువ చేయను. కాకపోతే ఆ అలవాటునే తీసుకుని నేను ఆ సాయంత్రం అటెండరును వెంటబెట్టుకుని బేకరీ వెనుక పెరట్లోకి నడిచాను.

దవాఖానలో ఉన్న గోలీలు రేగుపండంత ఉండేవి. ఒక్కో గోలీ కుందేలు తలకాయలో సగం. అందుకని మనుషుల మందుల దుకాణంలో ఆంపిసిల్లిన్ క్యాప్సూళ్ళు కొన్నాను. మనిషికి పనికొచ్చేది చిన్న జీవానికి ఇంకా సుకుమారంగా పనిచేస్తుందని నా సొంత సిద్ధాంతం. ఏ పుస్తకంలోనూ లేదు.

పెరట్లో రొట్టెలు కాల్చే భట్టీ గోడకు ఆనించి, పాత చెక్కపెట్టెలతో కట్టిన గూడు ఉంది. గోడ వెచ్చగా ఉండేది. బూడిదది మధ్యలో, మిగిలిన నాలుగూ దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి పడి పండుకున్నాయి. ఒక తెల్లది బూడిదదాని తడిసిన గదుమను నాకుతోంది.

"ఇదిగో, గిట్లనే అంటుకుంటది" అన్నాను. "దీన్ని ఇప్పుడే వేరే పెట్టాలె."

"ఒక్కదాన్ని పెడ్తే అది రంది పెట్టుకుంటది భయ్యా" అంది కోడలు. "చిన్నప్పటి సంది ఒక్కకాడనే పెరిగినయి. మేత గూడ ఒకటి తింటేనే ఇంకొకటి తింటది."

"నీకు కావలసింది రంది లేకుండుడా, రోగం లేకుండుడా?"

ఆ మాట ఎంత బాగా వచ్చిందో అని నాకు నేనే మెచ్చుకున్నాను. అత్తగారు తల ఊపింది. కోడలు కొంగు సర్దుకుని గూటి దగ్గర కూర్చుంది. నేను క్యాప్సూలు విప్పి, పొడిని నీళ్ళలో కలిపి, ఇంకు ఫిల్లరుతో ఒక్కోదాని నోట్లో పోశాను. ఆమె ఒక్కోదాన్ని కొంగులో చుట్టి పట్టుకుంది. బాగున్న నాలుగూ చక్కగా మింగాయి. బూడిదదానికి పోసింది పోసినట్టే గదుమ మీదికి కారింది. మళ్ళీ పోశాను, మళ్ళీ కారింది. మొండిదన్నాను.

దాన్ని మెట్ల కింద ఒక డాల్డా డబ్బాల పెట్టెలో పెట్టించాను. మరునాడు పొద్దున, సాయంత్రం కూడా వెళ్ళి అన్నిటికీ మందు పోశాను. మెట్ల కిందిది గోడ వైపు మూతి తిప్పి కూర్చుంది. వేసిన గరిక వేసినట్టే ఉంది. "ఒక్కసారి కలుపుత భయ్యా, నేను పక్కనే కూసుంట" అని కోడలు అడిగింది. వద్దన్నాను.

ఆ తర్వాత రోజు తెల్లదానికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకో రోజు గడిచేసరికి నాలుగూ పోయాయి.

నాకు కబురొచ్చి వెళ్ళేసరికి అత్తగారు పెరట్లో చెక్క కుర్చీ మీద కూర్చుని ఉంది. కోడలు గూటి ముందు నేల మీద కూర్చుంది. అప్పటికి ఆమెకు నెల తప్పిందని నాకు తర్వాత తెలిసింది. గూటిలో చచ్చిపోయిన నాలుగింటి నడుమ బూడిదది బతికి ఉంది. ఒకదాని వీపు మీద తల పెట్టుకుని ఉంది.

అత్తగారు నా వైపు చూసింది. "ఏమైంది బేటా? మందు పోస్తివి గదా."

ఆ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్తే అయిపోయేది. నేను గూటి వైపు వేలు చూపించాను.

"దీన్ని మళ్ళ వీటిల ఎవరు కలిపిన్రు?"

"నేనే భయ్యా" అంది కోడలు. "మొన్న మాపటికే కలిపిన. అది సచ్చిపోతదని భయమైంది."

నేను ఇంకేమీ అనలేదు. ఇక్కడ జాగ్రత్తగా వినండి. నేను అబద్ధం చెప్పలేదు. ఒక్క ప్రశ్న వేశాను, అంతే. కొన్నేళ్ళపాటు రాత్రిళ్ళు నాకు నేను చెప్పుకున్న సమాధానం ఇదే. ప్రశ్న వేసినవాడికి శిక్ష ఏముంటుంది?

అత్తగారు అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే మంచిదయ్యేది. నిజంగానే సందేహం వచ్చినట్టు మెల్లగా అడిగింది. "కుందేళ్ళను సాకుడే రాకపాయె. రేపు పిల్ల పుడ్తే ఎట్ల సాకుతవ్ బేటీ?"

ఆ ప్రశ్న కూడా నా ప్రశ్న లాంటిదే. జవాబు కోసం వేసింది కాదు.

బూడిదది ఇక ఆ ఇంట్లో ఉండడానికి వీల్లేదన్నారు. కోడలు దాన్ని అదే తట్టలో పెట్టి అటెండరు చేతికిచ్చింది. అలా అది దవాఖానకు వచ్చింది.

వారం తిరగకముందే డాక్టరు గారు పాలమూరు నుంచి వచ్చారు. స్టోరు గదిలో కుందేలును చూసి ఇదేమిటన్నారు. అటెండరు జరిగిందంతా చెప్పాడు. ఆయన బ్యాగు కింద పెట్టి, చేతులు కడుక్కుని, కుందేలును ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. పెదవి పైకెత్తి చూశారు.

"ఏమయ్యా, దీని నోరు తెరిచి చూశావా?"

"లేదు సార్."

"బర్రె మేత మానేస్తే ముందు ఏం చూస్తావు?"

"పేడ సార్."

"దీనికి?"

"పేడనే సార్."

ఆయన నన్ను దగ్గరికి పిలిచారు. ముందు పళ్ళు వంకరగా పెరిగి చిగుళ్ళలో గుచ్చుకుంటున్నాయి. కుందేలు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయట. గట్టి గడ్డి నమిలితే అరుగుతాయి. మెత్తటి రొట్టె తింటే అరగవు. బేకరీ ఇంట్లో రొట్టెకేం కరువు? ఆయన చిన్న కత్తెర లాంటిది తీసుకుని ఆ కొనలు కత్తిరించారు. కుందేలు కాస్త తన్నుకుంది. అంతకుమించి దానికి ఏ రోగమూ లేదు.

"మిగతా వాటికి ఏం పట్టావు?"

చెప్పాను. ఆయన మళ్ళీ చేతులు కడుక్కున్నారు, అవసరం లేకపోయినా, చాలాసేపు.

"కుందేలు పొట్టలో మేతను అరిగించే సూక్ష్మజీవులుంటాయి. ఆ మందు నోటి వెంట పోస్తే అవి చస్తాయి. చెడ్డవి పెరిగి లోపలంతా పాడుచేస్తాయి. జబ్బు లేనివాటికి నువ్వే జబ్బు పోశావు. మరి దీనికీ పోశావుగా, ఇదెలా బతికింది?"

"ఇది మింగలేదు సార్" అన్నాడు అటెండరు. "పండ్లు గుచ్చుకోవట్టె గదా. పోసిందంత కారిపాయె."

జబ్బుది బతకడం, బాగున్నవి చావడం. రోగం అంటుకుంటే అలా జరగదని నాకు ఆ రోజే తట్టాల్సింది. తట్టలేదు. తట్టకుండా చూసుకున్నానేమో కూడా.

"ఆ అమ్మాయి కలపడం వల్ల ఏమీ కాలేదు" అన్నారు డాక్టరు గారు. "అందుకే ఈ మాత్రమైనా నిలబడిందేమో. వెళ్ళి చెప్పిరా. నీ తప్పు లేదమ్మా అని చెప్పు."

ఆ సాయంత్రమే వెళ్ళాను. కౌంటరు దగ్గర జనం ఉన్నారు. జనం తగ్గాక చెబుదామని పక్కన నిలబడ్డాను. జనం తగ్గారు. పావు కిలో టోస్టులు కొనుక్కుని తిరిగొచ్చాను.

"చెప్పావా?" అన్నారు డాక్టరు గారు మరునాడు.

"వెళ్ళొచ్చిన సార్" అన్నాను. ఇది కూడా అబద్ధం కాదు. టోస్టులు ఆయనకూ పెట్టాను. టీలో ముంచుకుని తింటూ, "తప్పు ఒప్పుకునే గుణం మన డిపార్ట్‌మెంటులో అరుదయ్యా" అన్నారు. ఆ ముక్క నా గొంతులో ఎక్కడో ఇంకా ఉంది.

పళ్ళు బాగయినా బూడిదది తినలేదు. స్టోరు గదిలో గోడ వైపు మూతి తిప్పి కూర్చునేది. అటెండరే దాన్ని తీసుకుపోయి, కాలు విరిగి కట్టు కట్టించుకుని ఉన్న ఒక తల్లి లేని మేకపిల్ల పక్కన వదిలాడు. అది కాసేపు వాసన చూసి, మేకపిల్ల పొట్ట కింద దూరి పడుకుంది. సాయంత్రానికి మేకపిల్ల ముందు వేసిన ఆకులోంచి ఒక రెమ్మ లాక్కుంది. మేకపిల్ల వెళ్ళిపోయాక అటెండరు ఇంటి కోళ్ళు దానికి తోడయ్యాయి. కోళ్ళకు ఇష్టం లేకపోయినా ఊరుకున్నాయి.

కొన్నాళ్ళకు అటెండరు పొద్దున్నే గరిక కట్ట తేవడం మొదలుపెట్టాడు. కడిగి, ఆరబెట్టి, దారంతో కట్టిన గరిక.

"ఎక్కడిది?"

"బేకరీ కోడలు పంపింది సార్. అత్తకు ఎర్క లేకుండ. అది మంచిగున్నదా అని అడిగింది."

"మంచిగున్నదని చెప్పు."

"అది చెప్పిన సార్." ఆయన కట్ట దారం విప్పాడు. "ఇంకోటి మీరు చెప్తరని నేను చెప్పలె."

"చెప్త."

వారానికోసారి గరిక వచ్చేది. ఆమెకు బిడ్డ పుట్టాక కూడా వచ్చింది. నేను మూలనున్న ఇంకో దుకాణంలో టోస్టులు కొనడం అలవాటు చేసుకున్నాను. అవి మెత్తబడి ఉండేవి. కుందేలు మూడు నాలుగేళ్ళు బతికింది. పొద్దున నేను తలుపు తీసేసరికి వెనక కాళ్ళ మీద లేచి నా వైపు చూసేది. చూపులో ఏమీ లేదు, అది మేత కోసం చూసేది. నాకే ఏదేదో కనిపించేది. అది పోయాక దవాఖాన వెనుక పాతిపెట్టాం. ఆ తర్వాత అటెండరు రిటైరయ్యాడు, నన్ను పాలమూరు వైపు బదిలీ చేశారు. బదిలీ అయినందుకు సంతోషించినవాడు ఆ ఏడు మా డిపార్ట్‌మెంటులో నేనొక్కడినే అయ్యుంటాను.

తొంభైల చివర్లో మళ్ళీ ఆ ఊరికే వేశారు. చేరిన కొద్ది రోజులకే బక్రీదు ముందు ఒక కబురు వచ్చింది. బేకరీ వాళ్ళ మేకపోతు మేత ముట్టడం లేదు. కొత్త డాక్టరు గారు క్యాంపులో ఉన్నారు. వెళ్ళాల్సింది నేనే.

పెరట్లో గూడు లేదు. భట్టీ గోడకు సైకిలు ఆనించి ఉంది. అదే చెక్క కుర్చీలో అత్తగారు. బాగా పెద్దదైపోయింది, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"నువ్వు గా కుందేళ్ళ కంపౌండర్‌వి గాదు?"

"అవునమ్మా."

"ముసలోనివైతివి బేటా."

నేను మేకపోతు నోరు తెరిచాను. ముందు నోరే తెరిచాను. చిగుళ్ళలో తుమ్మముల్లు విరిగి ఉంది. చిమటాతో లాగేశాను. అది నాలుక ఆడించుకుని, పక్కనే ఉన్న నా సంచి పట్టీ నమలడం మొదలుపెట్టింది. పని అయిపోయింది. ఇక బయల్దేరొచ్చు.

అప్పుడే కోడలు జావ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. నన్ను చూసి తల ఊపి, పక్క గది గడప దాకా వెళ్ళి ఆగిపోయింది. లోపల మంచం మీద ఒక ఆడపిల్ల దుప్పటి కప్పుకుని ఉంది. చిన్న పిల్లవాడొకడు గడప బయట చతికిలబడి, లోపలికి కాళ్ళు చాపుతున్నాడు.

"అక్కకాడికి పోతనే" అన్నాడు వాడు.

"వద్దు. నీకంటుకుంటది" అంది ఆమె. వాడి కాళ్ళు వెనక్కి లాగి, గిన్నె చేతిలో పట్టుకుని అక్కడే నిలబడింది. తనూ లోపలికి పోలేదు. అత్తగారు కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించింది. గిన్నె అందుకోవాల్సింది ఆవిడని అప్పుడు నాకు అర్థమైంది.

"జెరమొస్తె నేనే చూస్కుంట" అంది అత్తగారు నాతో, వర్షం సంగతి చెప్పినట్టు. "దానిది చెయ్యి మంచిది గాదు. దానికి గూడ ఎర్కనే. అదే బయట నిలవడ్తది. పదేండ్ల సంది గింతే."

లోపల పిల్ల "అమ్మీ" అంది. ఆమె గడప ఇవతల నుంచే, "దాదీ వస్తున్నరు బేటీ" అంది.

"మీరు కూసోన్రి అమ్మా" అన్నాను అత్తగారితో. తర్వాత కోడలి వైపు తిరిగాను. "చెల్లె, ఆ కుందేళ్ళు నువ్వు కలిపినందుకు సావలె. నేను పోసిన మందుకు సచ్చినయి. దాన్ని కలుపుడు తప్పు గాదు. దానికి రోగమే లేకుండె. పండ్లు పెరిగినయి, అంతే."

రొట్టె ఎవరు పెట్టేవారో నేను అడగలేదు. ఆ ఇంట్లో ప్రశ్నలు వేయడం మానుకున్నాను.

ఆమె గిన్నెను రెండు చేతుల్తో పట్టుకుంది. "గిది మీకు ఎప్పుడెర్క?"

"వారంల ఎర్కైంది."

"గడ్డి పంపిననాడు?"

"ఎర్కనే."

మేకపోతు సంచి పట్టీ తెంపింది. ఎవరూ దాని వైపు చూడలేదు.

"అది ఎన్నేండ్లు బతికింది?"

"మూడు నాలుగేండ్లు."

"ఒక్కతేనా?"

"లేదు. ఒక్కదాన్ని పెడ్తే తినలె. నువ్వు చెప్పినట్లే. మేకపిల్లతోని, కోళ్ళతోని కలిపి పెట్టినం."

ఆమె నన్ను తిట్టలేదు. గిన్నె ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో పిల్లవాడి రెక్క పట్టుకుని లేపి, గడప దాటి లోపలికి వెళ్ళింది. మంచం కిర్రుమంది. వాడు అక్క దుప్పట్లోకి దూరిన చప్పుడు, "జరగవే" అన్న మాట వినిపించాయి.

నేను ఖాళీ గడప వైపు చూస్తూ, "నాదే తప్పు చెల్లె. మాఫ్ చెయ్" అన్నాను. ఆ మాట గడప దాటి ఉండదు. లోపల చెంచా గిన్నెకు తగులుతోంది.

అత్తగారు కుర్చీ పక్కనున్న చేతికర్ర అందుకుంది. కుందేళ్ళను సాకుడు గురించి ఒకప్పుడు తానడిగింది ఆవిడకూ గుర్తొచ్చి ఉంటుంది. ఆ తర్వాత చేతికర్రతో నా బూటు మీద కొట్టింది.

"గట్ల గొణిగితే ఎట్ల బేటా? గట్టిగ చెప్పు. పిల్లలు గూడ ఇనాలె."

గట్టిగా చెప్పాను.